ఫుగాజీ టీషర్టులు కొన్నవారికి మా దుకాణం విన్నపం

మా దుకాణంలో రికార్డులు కొనే మిత్రులకు నమస్కారం. గత నాలుగు నెలల్లో ఫుగాజీ అనే అమెరికా పంక్ రాక్ సంగీత బృందం పేరు ముద్రించిన టీషర్టులను మేము ఒక్కొక్కటి 600 రూపాయల చొప్పున 41 అమ్మాము. అవి బృందం అనుమతితో తయారైనవేనని సరఫరాదారు చెప్పగా నేను నమ్మాను, అడిగినవారికీ అదే చెప్పాను. అది నిజం కాదు. ఫుగాజీ తన పేరుతో టీషర్టులు అమ్మించే బృందమే కాదని మా పాత కొనుగోలుదారు ఒకరు వచ్చి చెప్పారు. పదిహేనేళ్లుగా వారి రికార్డులు అమ్ముతున్న నాకు ఈ సంగతి మరొకరు గుర్తు చేయవలసి రావడం సిగ్గుగానే ఉంది.

1987లో వాషింగ్టన్ డీసీలో తొలి ప్రదర్శన ఇచ్చిన ఈ బృందానికి డబ్బు విషయంలో మొదటినుంచీ ఒక పట్టుదల ఉండేది. ఇయన్ మెకాయ్, గై పిచోటో, జో లాలీ, బ్రెండన్ కాంటీ తమ కచేరీ టికెట్టును సాధారణంగా ఐదు డాలర్ల దగ్గరే నిలిపేవారు. మద్యం అమ్మే క్లబ్బుల్లో వయసు నిబంధన కారణంగా పిల్లలు గుమ్మం బయటే ఆగిపోకూడదని, అన్ని వయసులవారినీ రానిచ్చే చోట్లనే వాయించాలని పట్టుబట్టేవారు. మెకాయ్, జెఫ్ నెల్సన్ 1980లో నడపడం మొదలుపెట్టిన డిస్కార్డ్ (Dischord) అనే రికార్డుల సంస్థ రికార్డు అట్ట మీదే తపాలా ఖర్చుతో కలిపిన ధరను అచ్చువేసేది. తొంభైల తొలినాళ్లలో పెద్ద కంపెనీలు ఇలాంటి బృందాల కోసం వెతుకుతున్న కాలంలోనూ ఫుగాజీ ఆ సంస్థను విడిచిపెట్టలేదు. 1993 నాటి ‘ఇన్ ఆన్ ది కిల్ టేకర్’ ఆల్బమ్ అక్కడినుంచే, అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల జాబితా అయిన బిల్‌బోర్డ్ 200కు చేరింది. అప్పట్లో అమెరికాలో ఎవరో ‘ఇది ఫుగాజీ టీషర్టు కాదు’ అని అచ్చువేసిన చొక్కాలు అమ్మారు. మా చొక్కాల మీద ఆ పాటి నిజాయితీ కూడా లేదు.

2001లో ‘ది ఆర్గ్యుమెంట్’ ఆల్బమ్ వెలువరించి, 2002 నవంబరులో లండన్‌లో చివరిసారి వాయించాక, విడిపోయామని ప్రకటించకుండానే వారు ఆగిపోయారు. 2011 నుంచి తమ పాత కచేరీల రికార్డింగులను వందలకొద్దీ తమ సంస్థ ద్వారానే అందుబాటులో ఉంచారు. ఒక్కో కచేరీకి సూచించిన ధర కూడా ఐదు డాలర్లే.

అంత చవకగా అమ్మినవారి రికార్డు మా దగ్గర 3,200 రూపాయలు ఎందుకని మీరు అడగవచ్చు. అందులో అధిక భాగం రవాణాకూ దిగుమతి సుంకానికీ పోతుంది. నాకు మిగిలేది సుమారు 400 రూపాయలు. ఆ ధర తగ్గించే దారి ప్రస్తుతానికి నాకు కనబడటం లేదు.

టీషర్టు కొన్నవారు బిల్లు లేకపోయినా, చొక్కా ఎన్నిసార్లు ఉతికినదైనా తెచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. పై ఊళ్లవారు చొక్కా పంపనక్కరలేదు, దాని ఫొటో పంపితే చాలు. అమ్ముడుపోని 19 చొక్కాలను కత్తిరించి దుకాణంలో అరలు తుడవడానికి వాడుతున్నాము; గుడ్డ మాత్రం మంచిదే.