బోర్డు తగిలిస్తే బాధ్యత తీరిందా?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పది రోజుల క్రితం మీ కడప జిల్లా పేజీలో 'వీధికుక్కల స్వైరవిహారం' అంటూ పెద్ద అక్షరాలతో వార్త వేశారు. ఆ వార్తలోని మా వీధి పిల్లవాణ్ని కరిచింది వీధికుక్క కాదు, పక్కింటి పెంపుడు కుక్క. వీధిలో అందరికీ తెలిసిన సంగతి రాసినవారికి మాత్రం తెలియలేదు.

నేను చిన్నచౌకు నుంచి పాతకడప దాకా ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచినవాణ్ని. రెండుసార్లు కుక్క కాటు తిన్నాను, రెండూ పెంపుడువే. 1989లో మొదటిసారి కరిచినప్పుడు బొడ్డు చుట్టూ వేసిన సూదులు ఇప్పటికీ మరిచిపోలేదు. వీధికుక్కలకు నా సైకిలు గంట తెలుసు. మొరిగి ఊరుకునేవి.

పిల్లవాణ్ని కరిచిన ఈ కుక్కను ఆ పక్కింటివారు వేలు పోసి కొనితెచ్చారు. వారం రోజులు ఒళ్లో పెట్టుకుని ఫొటోలు దిగారు. ఆ తర్వాత గేటు పక్కన రెండు మూరల గొలుసు. మే నెలలో కడప ఎండ సంగతి నేను చెప్పాలా? మధ్యాహ్నానికి నీళ్ల గిన్నె ఎండిపోయేది. కాలే బండమీద నిలవలేక ఒక్కో కాలు ఎత్తి దించుతూ ఉండేది. బడి వదిలితే పిల్లలు గేటు సందులోంచి పుల్లతో పొడిచేవారు, పెద్దలు నవ్వేవారు. ఆ రోజు అది అన్నం తింటుంటే బంతి కోసం పిల్లవాడు చేయి చాచాడు. కుక్క ఒళ్లు బిగబట్టింది, గుర్రుమంది. వద్దని దానికి తెలిసిన భాషలో చెప్పింది. ఏడేళ్లవాడికి ఆ భాష ఎవరు నేర్పారు?

తిండి దగ్గర, ఈనిన కూనల దగ్గర, భయంలో, నొప్పిలో కుక్క కరుస్తుంది. కూన మూడు నెలలు నిండేలోపే మనుషులను, పిల్లలను, స్కూటరు చప్పుడును అలవాటు చేయాలి. ఆటలో పళ్లు ఆనిస్తే ఆట ఆపేస్తే చాలు, అదే నేర్చుకుంటుంది. మనవాళ్లు కర్ర తీస్తారు. గుర్రుమన్నందుకు కొడితే, మరోసారి గుర్రుమనకుండానే కరుస్తుంది!

కాటు పడ్డాక జరిగింది ఇంకా ఘోరం. పుండుకు సున్నం, కారం అద్దారు. పావుగంట సేపు పంపు కింద సబ్బుతో కడిగి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పేవారే లేరు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యులైనా చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

'మా కుక్కకు టీకా వేయించాం' అన్నారు యజమానులు. కాగితం అడిగితే వెతుకుతున్నామన్నారు, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పెంపుడు కుక్కల లెక్క ఎవరి దగ్గరుందో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి వెళితే మరో విభాగానికి, అక్కడికి వెళితే మళ్లీ మొదటి చోటికే పంపారు. పింఛనుదారుడికి నడక మంచిదని కాబోలు. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉన్న యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫలానా ఇంటాయనకు పడిందని నేనైతే ఇంతవరకు వినలేదు. కోడికూర ధర పెరిగితే ధర్నా చేసేవారు దీనికి నోరు మెదపరు.

ఆ ఇంటి గేటుకు మాత్రం కొత్త బోర్డు వచ్చింది: 'కుక్క ఉన్నది, జాగ్రత్త'. గొలుసు పాతదే.

మీ వార్తకు సవరణ వేస్తారా? అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మన్,
కడప