చిన్నతల్లికి, ఆ ఇంటి సంగతి

చిన్నతల్లీ,

ఎలా ఉన్నావమ్మా? ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ తప్ప జవాబుండదు. అమ్మ మోకాలు ఇప్పుడు నయమే. పిన్ని మాటల్లో ఏదో అంది, కాలేజీ పక్కన ఇల్లు కొని చదువుకునే పిల్లలకి అద్దెకిస్తావట, అడ్వాన్స్ కూడా ఇచ్చేశావట. నిజమైతే నిజమని చెప్పు, నేనేం కోప్పడను.

క్లాసు పీకడానికి కాదు గానీ, పెద్దమామయ్య ఇంటి సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు నీకు పరీక్షలు. నలుగురు కుర్రాళ్ళని పెట్టి గదికో అగ్రిమెంటు రాసుకున్నాడు, అలా అయితే అద్దె ఎక్కువొస్తుందని. మధ్యలో ఒకడు చదువు మానేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు మా వాటా మేం కడుతున్నాం కదా అన్నారు, కాగితంలో ఉన్నదీ అదే. ఆ గది కొత్త అడ్మిషన్ల దాకా ఖాళీయే, ఎందుకంటే పిల్లలంతా ఒకేసారి వెతుక్కుంటారు, ఒకేసారి ఖాళీ చేస్తారు. ఇంతలో సింకు కింద పైపు కారడం మొదలైంది, ఎవరికి వాళ్ళు పక్కవాడు చెప్పి ఉంటాడులే అనుకున్నారు. మామయ్య వెళ్ళేసరికి అలమార చెక్క ఉబ్బిపోయి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది, కింది వాటా సీలింగు మీద నల్లటి మరక. చెడ్డపిల్లలేం కాదు, ఇల్లు చూసుకోవడం ఇంకా రాదంతే. అందుకే ఒకడు వెళ్ళిపోయినా మొత్తం అద్దెకి మిగతావాళ్ళు బాధ్యులయ్యేలా అందరికీ కలిపి ఒకే అగ్రిమెంటు రాయించు, తల్లిదండ్రుల హామీ సంతకంతో సహా.

పన్నెండు నెలల అద్దె లెక్కేసుకున్నావా? తొమ్మిది, పది నెలలకే వేసుకో, అందులోంచి రిపేర్లు, పన్ను, ఇన్సూరెన్స్ తీసేశాక కూడా వాయిదా కట్టగలిగితేనే ముందుకెళ్ళు. నువ్వుండే ఇల్లని చెప్పి లోను తీసుకుని అద్దెకివ్వడం వద్దు, బ్యాంకుకి ఉన్నదున్నట్టు చెప్పు. బంధుత్వం లేనివాళ్ళు ఒకే ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో కొన్నిచోట్ల రూలుంటుంది. కాలేజీవాళ్ళు కొత్త హాస్టల్ కడుతున్నారేమో కూడా కనుక్కో.

సరిగ్గా నిద్రపోతున్నావా? కళ్ళ కింద నల్లబడిందట, పిన్నే చెప్పింది.

అన్నిటికంటే నాకు టెన్షన్ వైరింగ్ గురించే. హీటరు, ఇస్త్రీపెట్టె, లాప్‌టాపు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చేస్తారు. పాత వైరింగ్ అయితే మార్పించు, ప్రతి అంతస్తులో పొగ అలారం పెట్టించు, గదుల కిటికీలు లోపల్నుంచి తెరుచుకోవాలి. ఎవరో కన్న పిల్లలు నీ ఇంట్లో పడుకుంటారమ్మా.

అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఆ కాగితం ఫోటో తీసి పంపు, చదివి చెబుతాను. ఇవ్వకపోతే మంచి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆగు.

నాన్న