యంత్రమే ఊపిరి తీయిస్తుంటే నర్సెందుకు?

మాంచెస్టర్,
19 జనవరి 2025.

పూజ్యులైన పెద్దమ్మకు,

నమస్కారములు. నేను ఇక్కడ క్షేమం. మీ మోకాళ్ల నొప్పి కొంత నెమ్మదించిందని అమ్మ చెప్పింది. పోయిన ఆదివారం ఫోనులో మీరు నన్నొక మాట అడిగారు: "ఊపిరి యంత్రం తీయిస్తుంటే, మందు పంపు ఎక్కిస్తుంటే, బిడ్డకొక నర్సు ఎందుకే?" అని. ఇంకెవరైనా అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా ఊళ్లు తిరిగిన మీరు అడిగారు కనుక స్థిమితంగా రాస్తున్నాను.

నేను పనిచేసే పిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, వెంటిలేటర్ అనే ఆ ఊపిరి యంత్రం మీద ఉన్న ప్రతి బిడ్డ దగ్గరా ఒక నర్సు ఉంటుంది; ఆమె భోజనానికి వెళ్లాలంటే మరొకరు వచ్చి ఆ మంచం అప్పగించుకోవాలి. దానికి మొదటి కారణం గొట్టం. నెలలు నిండి పుట్టిన పసికందు గొంతులో వేసే గొట్టం లోపలి వెడల్పు సుమారు 3.5 మిల్లీమీటర్లు, ఆ బిడ్డ శ్వాసనాళం పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. కాస్త చిక్కటి కఫం చాలు, అది పూడుకుపోవడానికి. గడ్డం రొమ్ముకు ఆనితే గొట్టం లోపలికి దిగుతుంది, తల వెనక్కి వాలితే పైకి జరుగుతుంది. అందుకే బిడ్డను ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలన్నా ఇద్దరం కావాలి. అందులో ఒకరి పని తలనూ గొట్టాన్నీ కదలకుండా పట్టుకోవడమే.

చేరిన కొత్తలో ఒక రాత్రి నా దగ్గరున్న బిడ్డకు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే అంకె 97 నుంచి 88కి పడిపోయింది. నేను తెర వంకే చూస్తూ, పాదానికి చుట్టిన సెన్సర్ జారిందేమోనని సర్దుతూ నిలబడ్డాను. పక్క మంచం దగ్గరి సీనియర్ వచ్చి దుప్పటి తొలగించి, "ఎడమ రొమ్ము లేవడం లేదు, చూడు" అన్నది. గొట్టం లోపలికి జారి కుడి ఊపిరితిత్తికి మాత్రమే గాలి అందిస్తోంది. డాక్టర్ దాన్ని కాస్త వెనక్కి తీసి సరిచేయగానే అంకె మళ్లీ పైకెక్కింది. అప్పుడు మీరు గుర్తొచ్చి సిగ్గేసింది. సబ్‌సెంటర్ అరుగు మీద చంటిబిడ్డ చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టేవారు కదా! రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరితే న్యుమోనియా అనుకోవాలని నాకు నర్సింగ్ కాలేజీకన్నా ముందు చెప్పింది మీరే.

మీరు "డొక్కలెగరేస్తోంది" అని పెద్దాసుపత్రికి పంపే పిల్లల్లాంటి వాళ్లతోనే ఈ చలికాలంలో మా వార్డు నిండిపోయింది. పెద్దవాళ్లకు జలుబు చేసి పోయే ఆర్‌ఎస్‌వి అనే వైరస్, నెలల పిల్లల్లో ఊపిరితిత్తుల చివరనున్న సన్నని గొట్టాలను వాపుతోనూ కఫంతోనూ మూసేస్తుంది. దానిని నయం చేసే మందంటూ లేదు. వైరస్ తన దారిన పోయేదాకా, బిడ్డ ఊపిరి తీసి తీసి అలసిపోకుండా కాచుకోవడమే వైద్యం. నిరుడు సెప్టెంబరు నుంచి ఇక్కడ 28 వారాలు దాటిన గర్భిణులకు దీనికి టీకా వేస్తున్నారు.

రెండో కారణం కొలతలు. నాలుగు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 320 మిల్లీలీటర్లు, అంటే మన ఇంటి గ్లాసులతో రెండు. అందుకని పరీక్షకు తీసే రక్తాన్ని చుక్క చుక్కగా పొదుపు చేస్తాం. తడిసిన డైపరును తూచి, పొడి డైపరు బరువు తీసేసి, గ్రాముకొక మిల్లీలీటరు చొప్పున మూత్రం లెక్క రాస్తాం. మందు ఏదైనా బరువును బట్టే. అంకెల మధ్య దశాంశ చుక్క ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది కనుక ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కకట్టి, అంకెలు కలిస్తేనే ఇస్తాం. ఉగ్గుగిన్నెతో కంటి అంచనాగా పోసే అమ్మమ్మ ఇది చూస్తే ఏమనేదో!

ఈ వార్డులు పుట్టిన కథకూ మీ ఉద్యోగానికీ ఒక సంబంధం ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలి, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిన రోగులకు చాలినన్ని యంత్రాలు లేకపోతే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు డాక్టర్ ఒక పన్నెండేళ్ల పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ గాలి పంపి చూపించాడు. ఆ తరువాత వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని, వారాల తరబడి రాత్రింబగళ్లు ఆ సంచులు నొక్కారు. ఇంటెన్సివ్ కేర్ అనే ఏర్పాటు అక్కడి నుంచే ఎదిగింది. అంటే మొదట మంచం పక్కకు వచ్చింది మనిషి, యంత్రం తరువాత. మీరు ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసి మన దేశం నుంచి తరిమింది ఆ పోలియోనే. ఆ సంచి లాంటిదే ఇప్పటికీ ప్రతి మంచం తలాపునా వేలాడుతుంది. డ్యూటీ ఎక్కగానే నేను మొదట చూసుకునేది దాన్నే.

అన్నిటికన్నా కష్టమైనది తల్లులతో ఉండే పని. ఇన్ని వైర్ల మధ్య బిడ్డను ముట్టుకోవడానికే జంకుతారు. మొన్న ఒక తల్లి రెండు రోజులు కుర్చీలోనే బిగుసుకుపోయి కూర్చుంటే, నీళ్లలో ముంచిన చిన్న స్పాంజి ఆమె చేతికిచ్చి, బిడ్డ పెదవులు తడపమన్నాను. మర్నాటికి డైపరు తనే మార్చింది, సరిగా తూయలేదని నన్ను కోప్పడింది కూడా. పిల్లలందరూ బతికి ఇళ్లకు వెళ్లరు. అలాంటి రోజున వార్డులో ఎవ్వరం గట్టిగా మాట్లాడం. తల్లి ఒడిలో బిడ్డను పెట్టి, వాళ్లు కోరినంత సేపు తెర వేసి ఉంచుతాం, పాదాల ముద్రలు కాగితం మీద తీసి ఇస్తాం. ఇంతకన్నా దాన్ని గురించి రాయలేను.

ఒక సంగతి మరిచాను. ఇక్కడ మోచేతికి కింద ఏమీ ధరించకూడదు కనుక, మీరిచ్చిన గడియారం పట్టీ విప్పి, పిన్నుతో తలకిందులుగా రొమ్ముకు తగిలించుకుంటున్నాను. అలా అయితే వంగి చూసేటప్పుడు అంకెలు నిటారుగా కనబడతాయి. రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతోంది. అయినా ఊపిరి లెక్కకు సెకన్ల ముల్లు చాలు కదా అని బాగు చేయించలేదు.

పెదనాన్నగారికి నా నమస్కారములు చెప్పగలరు.

ఇట్లు,
మీ అమ్మాయి
సరళ