టవరు సంగతి సరే, చెవి దగ్గరి ఫోను మాటేమిటి?

సంపాదకులు గారికి,

అయ్యా,

కావలిలో మా కాలనీ చివరి మేడ మీద సెల్‌టవర్ పెట్టబోతున్నారని తెలిసినప్పటి నుంచి ఇరుగుపొరుగువారంతా కలవరపడుతున్నారు. రేడియేషన్ వల్ల మెదడు దెబ్బతింటుందనీ, పిల్లల తలల్లో కణితులు పుడతాయనీ వాట్సాప్‌లో సందేశాలు తిరుగుతుంటే, టవర్ పెట్టేవారు మాత్రం "ఏమీ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. ఈ విషయంలో శాస్త్రానికి తెలిసినది చాలానే ఉంది, దాన్ని జనానికి విడమరచి చెప్పేవారే తక్కువ.

సెల్‌ఫోన్లు వాడే సూక్ష్మతరంగాలు ఎక్స్-కిరణాల కోవకు చెందినవి కావు. 1800 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో శక్తి పొట్లానికి, ఉండే శక్తి ఎలక్ట్రాన్‌వోల్టులో (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) లక్షో వంతు కూడా ఉండదు. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే పది ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా కావాలి కాబట్టి, ఈ తరంగాలు మెదడు కణాల్లోని డీఎన్ఏను నేరుగా తెంచలేవు. ఇవి శరీరంలో నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయన్నది మాత్రం రుజువైన విషయం. భద్రతా పరిమితులన్నీ ఆ వేడిని లెక్కగట్టి నిర్ణయించినవే. మన దేశంలో హ్యాండ్‌సెట్‌కు పెట్టిన హద్దు, ఒక గ్రాము కణజాలం మీద సగటు చూసినప్పుడు, శరీరంలో ఇంకే శక్తి కిలోకు 1.6 వాట్లు.

అయితే మెదడు విషయంలో ప్రశ్న వేడితోనే ముగిసిపోదు. రాడార్ నుంచి ఆగి ఆగి వెలువడే తరంగాలు తలకు తగిలినప్పుడు చెవిలో టిక్కుటిక్కుమనే చప్పుడు వినబడుతుందని అమెరికా శాస్త్రవేత్త ఆలన్ ఫ్రే 1960ల మొదట్లోనే రాశారు. డిగ్రీలో లక్షో వంతు పాటి వేడి హఠాత్తుగా పుట్టి, తలలోని కణజాలం రవ్వంత వ్యాకోచించి, ఆ ఒత్తిడి తరంగం లోపలి చెవికి చేరడమే దానికి కారణమని తర్వాత తేలింది. ఇక ఫోన్ల విషయానికి వస్తే, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు అలాగే ఆగి ఆగి వచ్చే ఫోన్ తరంగాలకు మనుషులను కొంతసేపు గురిచేసి, ఆ తర్వాత వారి నిద్రలో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసినప్పుడు, కొన్ని పౌనఃపున్యాల్లో ఆ సంకేతాల బలం పెరగడం గమనించారు. ఆగకుండా నిలకడగా ప్రసరించే తరంగంతో ఆ మార్పు రాలేదు. రెండింటి సగటు శక్తీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకొచ్చిందో వేడి ఒక్కటే వివరించలేదు. 2011లో అమెరికా మెదడు పరిశోధకురాలు నోరా వోల్కోవ్ బృందం 47 మందికి చెవి దగ్గర ఫోను పెట్టి, మాట వినబడకుండా 50 నిమిషాలు ఆన్‌లో ఉంచితే, యాంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగం దాదాపు 7 శాతం ఎక్కువ గ్లూకోజు వాడుకుంది. మెదడు ఈ తరంగాలకు ఎంతో కొంత స్పందిస్తున్నదని వీటివల్ల అర్థమవుతుంది. స్పందించడం వేరు, చెడిపోవడం వేరు. మెట్లెక్కితే గుండె వేగం పెరిగినంత మాత్రాన దాన్ని గుండెజబ్బు అనలేము కదా.

నిజంగా హాని ఉందా అని చూసిన పరిశోధనల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు 2003లో ఎలుకల మెదడులోకి రక్తం నుంచి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కారినట్లు, నాడీకణాలు దెబ్బతిన్నట్లు ప్రకటించారు. ఇతర ప్రయోగశాలలు అదే పద్ధతిలో ప్రయత్నిస్తే ఆ ఫలితం నిలవలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న 2బి వర్గంలో చేర్చింది. ఆధారం పరిమితంగా ఉన్నప్పుడు వాడే వర్గమది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 2024లో వెలువడిన సమీక్ష 63 అధ్యయనాలను పరిశీలించి, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని తేల్చింది. దీనితో నాకు చాలా వరకు ధైర్యం కలిగింది. కానీ అదే క్యాన్సర్ సంస్థ 2011లో చెప్పిన మరో మాట మరువరానిది: పెద్దల మెదడుతో పోలిస్తే పిల్లల మెదడులో ఈ శక్తి సగటున రెండింతలు ఇంకుతుంది.

మా కాలనీవారు ఆలోచించవలసినది ఇక్కడే. మేడ మీది యాంటెన్నా వెయ్యి వాట్లకు సమానమైన బలంతో నేరుగా మన వైపే ప్రసరిస్తున్నదనుకున్నా, 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు చేరేది 0.03 వాట్లు. అంతర్జాతీయ హద్దును మన కేంద్ర ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి పదో వంతుకు తగ్గించినప్పుడు 1800 మెగాహెర్ట్జ్‌కు నిర్ణయించినది 0.92 వాట్లు. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. చెవికి ఆనించిన ఫోనుకు ఈ దూరమనే రక్షణ లేదు. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను తన శక్తినంతా పెట్టి టవర్‌ను అందుకోవాలని చూస్తుంది, సిగ్నల్ బాగున్నచోట అందులో నూరో వంతుతోనో, అంతకన్నా తక్కువతోనో సరిపెట్టుకుంటుంది. అంటే టవర్‌ను దూరంగా తరిమేస్తే మన తలకు తగిలే మోతాదు తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. ఉదయగిరి, సీతారామపురం వైపు వెలుగొండల కింద, చంద్రశేఖరపురం పరిసరాల్లో ఒక్క గీత సిగ్నల్ కోసం మిద్దెలెక్కి గంటలకొద్దీ మాట్లాడేవారికే మెదడుకు ఎక్కువ తగులుతుంది. వారి గురించి ఎవరూ ధర్నా చేయరు. తుపాను హెచ్చరికలు ఫోనులోనే అందుకునే జువ్వలదిన్నె వంటి తీరగ్రామాలకు టవర్ వద్దనడం ప్రాణాలతో ముడిపడిన సంగతి కూడా.

ఇంతమాత్రాన టవర్ ఎక్కడైనా పెట్టుకోవచ్చని నేను అనను. యాంటెన్నా ఎత్తులోనే, దానికి సూటిగా ఎదురుగా మరో ఇంటి పై అంతస్తు ఉండకూడదు. ఒక్క యాంటెన్నా ఉన్నా కనీసం 20 మీటర్ల ఎడం ఉండాలని, సంఖ్య పెరిగేకొద్దీ ఎడమూ పెరగాలని టెలికాం శాఖ నియమం. మా వీధిలో ఇది పాటిస్తున్నారో లేదో చూడమని అడగడం మా హక్కు. కనిగిరి ప్రాంతంలో నీటిలో ఫ్లోరైడ్ కొలిచి చెప్పబట్టే ఏ బోరు నీళ్లు తాగకూడదో జనానికి తెలిసింది. రేడియేషన్‌కూ అలాంటి కొలతే కావాలి. 2017లో కేంద్రం ప్రారంభించిన తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో ఏ టవర్ నిబంధనల మేరకు ఉందో చూసుకోవచ్చు, 4,000 రూపాయల రుసుము చెల్లిస్తే అధికారుల చేత కొలిపించుకోవచ్చు. కూలి చేసుకునే కుటుంబానికి ఆ సొమ్ము పెద్దదే కనుక, బడుల దగ్గరి, ఆసుపత్రుల దగ్గరి టవర్లకైనా మునిసిపాలిటీలు, పంచాయతీలు ఆ ఖర్చు భరించి, వచ్చిన అంకెలను తెలుగులో రాసి బోర్డు పెట్టాలని కోరుతున్నాను.

ఇళ్లలో చేయగలిగింది ఇంతకన్నా తేలిక. ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తే స్పీకరు గానీ, వైరున్న ఇయర్‌ఫోన్ గానీ వాడాలి. సిగ్నల్ సరిగా అందనిచోట ఫోను చెవికి పెట్టకూడదు. పసిపిల్లల తలగడ కింద ఫోను ఉంచకూడదు. మీ పత్రిక జిల్లా పేజీల్లో టవర్ వివాదం గురించి రాసే ప్రతిసారీ, ఆ టవర్ దగ్గర కొలిచిన విలువ ఎంతో, చట్టం అనుమతించేది ఎంతో పక్కపక్కన ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా