సూత్రంతో పాటు మనిషినీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో ఇంటర్ ఫిజిక్స్ ముఖ్య ప్రశ్నల్లో బ్రూస్టర్ నియమం చూశాను. ధ్రువణ కోణం (ఏ కోణంలో పడితే తిరిగొచ్చే వెలుతురులో కంపనాలన్నీ ఒకే దిశలో ఉంటాయో, అంటే ధ్రువణం చెందుతుందో, ఆ కోణం) టాంజెంటు వక్రీభవన గుణకానికి సమానం, అంతే. కడప ఏడు రోడ్ల దగ్గర కళ్లద్దాల షాపు నడుపుతున్న నాకు ఆ ఒక్క లైను చాలదనిపించింది.

డేవిడ్ బ్రూస్టర్ 1781లో స్కాట్లాండ్‌లోని జెడ్‌బర్గ్‌లో పుట్టారు. పన్నెండేళ్లకే ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరారు. చర్చి బోధకుడు కావాలని చదివారు గానీ, జనం ముందు మాట్లాడాలంటే విపరీతమైన టెన్షన్. అది వదిలేసి కాంతి వైపు వచ్చారు. సెమినార్ అంటే వణికే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

నియమం 1815 నాటిది. నీటికి ఆ ధ్రువణ కోణం దాదాపు 53 డిగ్రీలు. ఆ కోణంలో పడి తిరిగొచ్చే వెలుతురులో కంపనాలన్నీ నీటి మట్టానికి సమాంతరంగా ఉంటాయి. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటల ఎండలో దేవుని కడప చెరువు తళతళకు కళ్లు తెరవలేం. ఆ కంపనాలను ఆపే పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుంటే తళుకు పోయి నీళ్ల లోపలికి చూపు వెళ్తుంది. ఫ్రేములో లెన్సు మరీ బిగుసుకుందా అని మేం చూసుకునే పద్ధతికీ మూలం ఆయనే: ఒత్తిడి పడ్డ గాజు ధ్రువణ కాంతిలో రంగులు చూపుతుందని కనిపెట్టారు.

పెద్ద దర్గా ఉరుసులో పిల్లలు కంటికి పెట్టుకుని తిప్పే గాజుముక్కల గొట్టం, కలైడోస్కోప్, కూడా ఆయనదే. 1817లో పేటెంట్ తీసుకున్నా నకళ్లు బజారును ముంచెత్తాయి. మూడు నెలల్లో లండన్, పారిస్‌లలో రెండు లక్షలు అమ్ముడయ్యాయని ఆయనే అంచనా వేశారు. చేతికొచ్చింది మాత్రం చాలా తక్కువ. వ్యాపారిగా నాకిది చాలా బాధనిపిస్తుంది.

కాంతి తరంగమని చెప్పడానికి మనం ధ్రువణాన్నే సాక్ష్యంగా చూపుతాం. దాన్ని అంత లోతుగా కొలిచిన బ్రూస్టరేమో తరంగ సిద్ధాంతాన్ని చివరిదాకా మనసారా ఒప్పుకోలేదు. న్యూటన్ జీవిత చరిత్ర రాసిన మనిషి, కాంతి అంటే కణాలన్న న్యూటన్ వైపే మొగ్గారు. ఆయన అభిప్రాయం నిలవలేదు, కొలతలు నిలిచాయి. క్లాసులో అరగంట చర్చ పెట్టదగ్గ విషయమిది.

సూత్రం వేసినప్పుడు దాని మనిషి గురించి పది లైన్లు వేయండి. లెక్చరర్లకూ ఒక మనవి. కంప్యూటర్ తెల్ల స్క్రీన్ ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని, పోలరైజ్డ్ అద్దాన్ని తిప్పుతూ చూడమనండి. స్కేల్లో రంగుల చారలు కనిపిస్తాయి. అద్దం లేని కాలేజీలు మీ కార్యాలయం ద్వారా అడిగితే మా షాపు నుంచి ఉచితంగా పంపుతాను.

– ఒక కళ్లద్దాల వ్యాపారి, కడప