నడుము కాదు సార్, రక్తనాళం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా నాన్నకు 62 ఏళ్లు, కోఠిలో ఒక బట్టల కొట్టులో గుమస్తా. పోయినేడాది బస్సు దిగి కొట్టుకు నడిచేలోపు రెండుసార్లు ఆగేవాడు, ఎవరైనా అడుగుతారేమోనని ఏదో ఒక షాపు ముందు చీరలు చూస్తున్నట్టు నిలబడేవాడు. రెండు నిమిషాల్లో నొప్పి పోయేది, మళ్లీ అంత దూరం నడవగానే ఎడమ పిరుదు, తొడ పట్టేసేవి.

సయాటికా, అంటే నడుములో నరం నొక్కుకుని కాల్లోకి పాకే నొప్పి అన్నారు. నడుముకు ఎంఆర్ఐ రెండుసార్లు తీశారు, డిస్క్ కొంచెం అరిగింది అన్నారు, బెల్టు, గోళీలు ఇచ్చారు. తొమ్మిది నెలలు అలాగే గడిచాయి. చివరికి ఒక పీజీ డాక్టరమ్మ గజ్జల్లో రెండు వేళ్లు పెట్టి చూసింది. కుడివైపు నాడి కొట్టుకుంటోంది, ఎడమవైపు దొరకలేదు. ఇంకోసారి, ఇంకాస్త సేపు పెట్టి చూసి, ఎంఆర్ యాంజియో రాసింది, అంటే అదే ఎంఆర్ఐ మెషిన్‌లో రక్తనాళాలను చూసే స్కాన్.

బొడ్డు దగ్గర పెద్ద ధమని రెండుగా చీలుతుంది సార్, వాటిని ఇలియాక్ ధమనులు అంటారు. అవి కొవ్వుతో పూడుకుపోతే నడిచేటప్పుడు కండకు రక్తం చాలదు, ఆగితే నొప్పి తగ్గుతుంది. నడుములో నరం నొక్కుకున్నవాళ్లకు ఎక్కువగా కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తగ్గుతుంది; ఊరికే నిలబడినా తగ్గిందంటే రక్తనాళం చూడాలి. మగవాళ్లకు లైంగిక సమస్య కూడా దీనివల్లే రావచ్చు, సిగ్గుతో ఎవరూ చెప్పరు.

కడుపులో గ్యాస్, కొవ్వు అడ్డొస్తే డాప్లర్‌లో, అంటే రక్తం పారడం చూసే అల్ట్రాసౌండ్‌లో, ఈ నాళాలు సరిగా కనపడవు. సీటీలోనేమో గోడలకు కాల్షియం గట్టిగా పట్టిన చోట లోపల దారి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. ఎంఆర్ యాంజియోకు ఆ కాల్షియం పెద్దగా అడ్డు కాదు, రేడియేషన్ ఉండదు, బొడ్డు నుంచి పాదం దాకా ఎక్కడ మూసుకుందో తెలుస్తుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు నాళాలు స్పష్టంగా కనపడటానికి ఎక్కించే గాడోలినియం మందు ఇచ్చేముందు ఆలోచించాలి, మందు లేకుండా తీసే పద్ధతులూ ఉన్నాయి. నాళం తెరిచి ఉంచడానికి పెట్టే జాలి గొట్టం, అదే స్టెంట్, ఉన్నచోట మాత్రం బొమ్మ సరిగా రాదు.

ఎంఆర్ఐ బల్ల మీద నాన్న అంతకుముందే రెండుసార్లు పడుకున్నాడు. చీటీ మీద నడుము అని రాశారు కాబట్టి నడుమే తీశారు.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మా లాంటి వాళ్లకు అది పెద్ద అండ. కానీ జబ్బేంటో తేలాకే కదా సార్ ఆపరేషన్ దాకా వెళ్లేది. నడిస్తే కాలు పట్టేస్తోందని వచ్చినవాళ్లకు, ముఖ్యంగా షుగర్, బీడీ అలవాటు ఉన్నవాళ్లకు, ఓపీలోనే గజ్జల్లో నాడి చూడమని, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చమని ఆదేశం ఇవ్వండి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాలి నాళాల్లో జబ్బున్నట్టే. డాక్టర్ అవసరమన్నవాళ్లకు ఎంఆర్ యాంజియో ఉచితంగా, అక్కడే చేయించండి. మమ్మల్ని బయట చేయించుకోమన్నారు, అమ్మ గాజులు కుదువపెట్టాం.

నాన్నకు స్టెంట్ వేశారు, ఇప్పుడు ఆగకుండా కొట్టు దాకా నడుస్తున్నాడు. ఆ రోజు బెంచీ మీద మా పక్కన కూర్చున్న పెద్దాయనకు కాలి బొటనవేలు నల్లబడిపోయింది. ఆయన ఒళ్లో ఉన్నదీ నడుము ఎంఆర్ఐ కవరే.

ఇట్లు,
మలక్‌పేట నుంచి ఒక కొడుకు