నాలుగు స్క్రూల పని కాదు

సంపాదకులు గారికి,

రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ఫోమ్ విమానానికి మామూలు చక్రాలు తీసేసి, ముడుచుకునే ల్యాండింగ్ గేర్ బిగించడం 'నాలుగు స్క్రూల పని' అని తేల్చేశారు. స్క్రూలు నాలుగే, నిజమే. అవి దేన్ని పట్టుకుని ఉన్నాయన్నదే అసలు సంగతి.

విమానం దిగేటప్పుడు చక్రం గడ్డి దుబ్బుకు తగిలితే కాలు వెనక్కి గుంజుకుపోతుంది. 100 మి.మీ. కాలు మీటలా పనిచేసి, కాలిని ముడిచే, 40 మి.మీ. పొడవు కూడా ఉండని యూనిట్‌ను ఫోమ్‌లోంచి పెకలిస్తుంది. బరువు పరుచుకుని పడితే ఫోమ్ మోస్తుంది, ఒకేచోట గుచ్చి లాగితే ఊడిపోతుంది. అందుకే 3 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ పలకను యూనిట్ కంటే అన్నివైపులా 20 మి.మీ. పెద్దదిగా కోసి, దాని అంచు రెక్క పొడవునా ఉండే కార్బన్ ఊచను, అంటే స్పార్‌ను, తాకేలా దింపాలి. స్పార్ దూరంగా ఉంటే ప్లైతోనే చిన్న అడ్డపట్టీ (రిబ్) వేసి కలపాలి. అతికించే ముందు ఫోమ్ మీది నున్నటి పొరను గరుకు కాగితంతో రుద్దాలి. 30 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వాడండి. 5 నిమిషాలదైతే పలక సర్దుకునేలోపే గట్టిపడుతుంది. మామూలు సీఏ జిగురుకు (సూపర్ గ్లూకు) మోడల్ విమానాల్లో వాడే ఈపీఓ రకం ఫోమ్ తట్టుకుంటుంది గానీ థర్మాకోల్ లాంటి ఈపీఎస్ కరిగిపోతుంది.

ఎలక్ట్రిక్ యూనిట్లు 'సగంలో ఆగిపోతున్నాయి' అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. కాలు చివరిదాకా వెళ్లి ఆగినప్పుడు మోటారు లాగే కరెంటు పెరుగుతుంది, అది చూసి లోపలి సర్క్యూట్ మోటారును ఆపేస్తుంది. ముడిచిన చక్రం దాగే గుంట అంచుకు చక్రం రాసుకున్నా కరెంటు అలాగే పెరుగుతుంది, పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. చక్రం చుట్టూ 3 మి.మీ. ఖాళీ ఉంచితే ఈ బాధ ఉండదు. గుంట సరిగానే ఉన్నా ఆగుతుంటే పలక ఒంపు తిరిగిందేమో చూడాలి. స్క్రూలు బిగించేకొద్దీ యూనిట్ ఫ్రేమ్ మెలితిరిగి లోపలి కదలిక పట్టేస్తుంది. ఒక్కో స్క్రూ పావు చుట్టు వదులు చేస్తూ స్విచ్ వేస్తే ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. యూనిట్ మార్చేసేవాళ్లు చాలామంది ఈ పరీక్షే చేయరు.

కాలి తీగకు గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) పట్టేచోట ఆకురాయితో చదును చేయడం తప్పనిసరి. గుండ్రటి తీగ మీద స్క్రూ జారుతుంది, కాలు కొద్దిగా తిరిగినా చక్రం మళ్లీ గుంటలో పట్టదు.

తోక చక్రం ఉన్న విమానమైతే ప్రధాన చక్రాలు నేలను తాకే చోటు సీజీకి, అంటే విమానం బరువు సమంగా తూగే బిందువుకు, ముందుండాలి. సీజీ నుంచి అక్కడికి గీసిన గీత నిలువుకు సుమారు 15 డిగ్రీలు ముందుకు వాలాలి. సీజీ నేలకు 150 మి.మీ. ఎత్తులో ఉంటే చక్రాలు దానికి ముందుండాల్సిన దూరం 40 మి.మీ. అంతకంటే వెనక ఉంటే దిగీ దిగగానే ముక్కు నేలకు గుచ్చుకుంటుంది. ముక్కు చక్రం ఉన్నవాటికి ప్రధాన చక్రాలు సీజీకి కాస్త వెనకే ఉండాలి.

కాళ్లు వెనక్కి ముడిచేవైతే సీజీ కూడా వెనక్కి జరుగుతుంది. 1,600 గ్రాముల విమానంలో 80 గ్రాముల కాళ్లూ చక్రాలూ 70 మి.మీ. వెనక్కి వెళ్తే సీజీ 3.5 మి.మీ. కదులుతుంది. తూకం చక్రాలు ముడిచీ చూడాలి, దించీ చూడాలి.

ఎగిరేముందు బల్లమీద చక్రాలు ముడుస్తూనే, రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు, అంటే సర్వోలన్నీ ఒకేసారి ఆడించి చూడండి. మోటారు ప్రొపెల్లర్ తీసేసి ఉండాలి సుమా. రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇచ్చే బీఈసీ సర్క్యూట్ చాలకపోతే వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆగిపోతుంది. గాల్లో ఒక కాలు దిగి రెండోది దిగకపోతే, దిగినదాన్నీ ముడిచేసి గడ్డి మీద పొట్టతో దించడమే మేలు. ఒంటికాలిమీద దిగితే రెక్క నేలకు తగిలి విమానం గిర్రున తిరుగుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు